బరువెత్తడం కూడా ఒక చదువే



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ చదువు గురించి, క్రమశిక్షణ గురించి, లక్ష్యసాధన గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. అయితే ఆ చదువును, ఆ లక్ష్యాన్ని మోసుకెళ్లవలసిన శరీరం గురించి మాత్రం మనం పెద్దగా రాసుకోం. "ఆరోగ్యమే మహాభాగ్యం" అని భోజనశాల గోడ మీద రాసి ఉంటుంది. ఆ గోడ పక్క నుంచే యాభై కిలోల బియ్యం బస్తాను నడుం వంకర చేసుకుని స్టోర్ రూమ్‌లోకి లాక్కెళుతుంటాం. గోడ మీది మాట ఒక దారి, మన నడుము ఒక దారి.

అందుకే ఈసారి డెడ్‌లిఫ్ట్ అనే ఒకే ఒక్క వ్యాయామం గురించి రాయదలచుకున్నాను. నేను చెప్పదలచుకున్నది సూటిగా ముందే చెబుతాను. నేల మీద ఉన్న బరువును సరైన పద్ధతిలో పైకెత్తడం ఈత లాగా, సైకిల్ తొక్కడం లాగా ప్రతి హాస్టల్ విద్యార్థికీ నేర్పవలసిన విద్య. ఆ విద్యలో ముందు పద్ధతి, ఆ తర్వాతే బరువు. ఈ వరుస తారుమారైన చోటల్లా నడుములు పోతున్నాయి.

డెడ్‌లిఫ్ట్ అంటే ఏమిటి?

నేల మీద కదలకుండా పడి ఉన్న బరువును రెండు చేతులతో పట్టుకుని నిటారుగా లేచి నిలబడటమే డెడ్‌లిఫ్ట్. ఊపు ఉండదు, ఎవరూ అందించరు. బరువు చలనం లేకుండా ఉంటుంది కాబట్టే దానికి ఆ పేరు. పవర్ లిఫ్టింగ్ పోటీల్లో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అని మూడు అంశాలు ఉంటాయి. చివరగా వచ్చేది ఇదే. ఒలింపిక్స్‌లో డెడ్‌లిఫ్ట్ పోటీ లేదు. అక్కడ స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ ఉంటాయి. కానీ ఆ రెండూ మొదలయ్యేది నేల మీద నుంచే.

మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. తల మీదికి వెళ్లిన ఆ 130 కిలోలూ ముందు నేలను వదలాలి కదా! ఆ మొదటి అడుగు, అంటే పాదాలు నేలను తొక్కి, వెన్ను చెదరకుండా బరువును మోకాళ్లు దాటించడం ఉందే, అందులోనే అసలు విద్య ఉంది. మన పక్కనే విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే పల్లె ఉంది. అక్కడి నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ఒకే పల్లె నుంచి అంతమంది లిఫ్టర్లు ఎలా వచ్చారు? ఆ ఊరి నీళ్లలో ఏదో ఉందని కొందరంటారు. నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్చుకునే అలవాటు ఉంది. నాకు తోచిన కారణం అంతకంటే వేరే లేదు.

మనకెందుకు ఇది?

"కూలి చేసే ఇంట్లో పుట్టినవాడికి ఎక్సర్‌సైజ్ ఎందుకు? సెలవుల్లో పనికి వెళితే చాలదా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా హమాలీగా చేశారు. 75, 80 కిలోల ధాన్యం బస్తాలు మోసిన మనిషి. ఇవాళ నేల మీద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తున్నారు. ఆయనకు బలం లేక అలా కాలేదు. ఎలా ఎత్తాలో ఆయనకు ఒక్కరోజు కూడా ఎవరూ చెప్పలేదు. మోయడం మొదలుపెట్టిన రోజున పక్కవాడు ఎలా ఎత్తితే ఆయనా అలాగే ఎత్తారు. మీలో చాలామంది ఇళ్లలో ఇదే కథ. ఇటుక బట్టీలో అమ్మ, మార్కెట్ యార్డులో నాన్న, రాయి కొట్టే చోట మామయ్య. పని చేసిన శరీరం గట్టిపడుతుందన్నది సగం నిజమే. తప్పు పద్ధతిలో ఏళ్ల తరబడి చేసిన పని అదే శరీరాన్ని అరగదీస్తుందన్నది మిగతా సగం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక సిఫారసు చేసింది. ఒక వయోజన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించి ఉన్న చోట దాన్ని వీలైనంత త్వరగా తగ్గించే చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. అదే ఏడాది చేసిన ఒప్పందంలో బరువులు మోసే పనిలో పెట్టే ముందు కార్మికుడికి ఆ పనిలో శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. బరువు తగ్గించడం ఎంత ముఖ్యమో, నేర్పడం అంత ముఖ్యమని ప్రపంచం ఒప్పుకుని అర్ధశతాబ్దం దాటింది. మన యార్డుల్లో ఇప్పటికీ నేర్పేవాడు కనపడడు.

ఇక ఉద్యోగాల సంగతి. మనలో చాలామంది రైల్వే గ్రూప్-డి పరీక్ష రాస్తారు. 2019లోనూ, 2025లోనూ వచ్చిన నోటిఫికేషన్లలో దేహదారుఢ్య పరీక్ష ఒకే తీరుగా ఉంది. పురుషులు 35 కిలోల బరువును 100 మీటర్ల దూరం 2 నిమిషాల్లో, మధ్యలో కింద పెట్టకుండా, ఒకే అవకాశంలో మోయాలి. మహిళలకు 20 కిలోలు. దూరాన్ని సమయంతో భాగించి చూడండి. గంటకు 3 కిలోమీటర్ల వేగం. మామూలు నడక కంటే తక్కువే! అంటే ఆ పరీక్షలో కష్టం పరుగులో లేదు. బరువును సరిగా ఎత్తడంలో, ఎత్తింది జారకుండా పట్టుకోవడంలో ఉంది. రాత పరీక్షకు రెండేళ్లు కోచింగ్ తీసుకుని, ఈ రెండు నిమిషాల కోసం రెండు వారాల ముందు ఇసుక మూట వెతుక్కునేవాళ్లను చూస్తున్నాం. ఒకే అవకాశం ఉన్న పరీక్షకు ఇది తగిన సన్నాహం కాదు.

నడుము ఎందుకు పడుతుంది?

ఇది ఫిజిక్స్ పాఠమే. బలాన్ని, ఇరుసు నుంచి దానికి ఉన్న లంబ దూరాన్ని గుణిస్తే బలభ్రామకం వస్తుందని చదువుకున్నాం. 50 కిలోల బరువు అంటే సుమారు 490 న్యూటన్ల బలం. ఆ బరువు మన నడుముకు అడ్డంగా 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నడుము మీద పడే బలభ్రామకం 147 న్యూటన్ మీటర్లు. అదే బరువు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 220 దాటుతుంది. బస్తా మారలేదు, మనిషి మారలేదు. ఒక జానెడు కూడా లేని తేడాకు నడుము మీద భారం ఒకటిన్నర రెట్లయింది. డెడ్‌లిఫ్ట్‌లో మొదటి సూత్రం ఇక్కడే దొరుకుతుంది. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి.

రెండో సూత్రం ఎక్కడ వంగాలి అన్నది. తలుపు ఎప్పుడూ బందు దగ్గరే తిరుగుతుంది గానీ చెక్క మధ్యలో వంగదు. మన శరీరానికి ఆ బందు తుంటి కీలు. వెన్ను చెక్క లాంటిది. దానిలో పూసలు, పూసల మధ్య మెత్తని డిస్కులు ఉంటాయి. తుంటి దగ్గర వంగితే పిరుదుల కండరాలు, తొడ వెనుక కండరాలు పని చేస్తాయి. శరీరంలో అతి బలమైన కండరాల్లో అవి ఉన్నాయి. అవి చేయవలసిన పనిని వెన్ను మధ్యలో వంచి చేస్తే ఆ భారమంతా డిస్కుల మీద, చిన్న చిన్న కండరాల మీద పడుతుంది. "డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుము పోతుంది" అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. పద్ధతిగా, తగిన బరువుతో చేస్తే అదే వ్యాయామం నడుముకు కాపలా కాస్తుంది.

పద్ధతి ఇదీ

రాడ్ ముట్టుకోక ముందు రెండు సాధనలు చేయాలి. గోడకు జానెడు దూరంలో, వీపు గోడ వైపు ఉండేలా నిలబడండి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులను వెనక్కి నెట్టి గోడను తాకి రండి. ఇది వచ్చాక అరడుగు ముందుకు జరిగి మళ్లీ చేయండి. తుంటి దగ్గర వంగడం అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. రెండోది, బూజు కర్రను వీపు మీద నిలువుగా పెట్టుకోవాలి. తల వెనుక భాగం, భుజాల మధ్య భాగం, నడుం కింది ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తాకుతూ ఉండాలి. అలా తాకుతూనే వంగి లేవాలి. ఎక్కడ కర్ర వదిలిందో అక్కడ వెన్ను వంగిందన్న మాట. ఈ రెండూ రోజూ పదేసి సార్లు రెండు వారాలు చేస్తే సగం విద్య వచ్చినట్టే. పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత రాడ్ దగ్గరికి రావాలి. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, రాడ్ సరిగ్గా పాదం మధ్య భాగం మీదుగా ఉండేలా నిలబడాలి. బూటు లేసు ముడి మీద రాడ్ ఉన్నట్టు కనపడాలి. పిరుదులు వెనక్కి నెడుతూ వంగి, కాళ్లకు కాస్త బయటగా రెండు చేతులతో రాడ్ పట్టుకోవాలి. రాడ్‌ను కదపకుండా మోకాళ్లను ముందుకు తెస్తే ముంగాళ్లు రాడ్‌కు తగులుతాయి. అక్కడ ఆగాలి. ఇప్పుడు ఛాతీ పైకి, వెన్ను చదునుగా. చూపు మూడు నాలుగు గజాల దూరంలో నేల మీద. కడుపు నిండా గాలి పీల్చి, పొట్టను, నడుం చుట్టూ గట్టిగా బిగించాలి. చేతులు తాళ్లలా నిటారుగా ఉండాలి. రాడ్‌ను గుంజకుండా, ముందు దానిలో ఉన్న వదులు తీసి, ఆపైన పాదాలతో నేలను కిందికి తొక్కాలి. రాడ్ కాళ్లను రాసుకుంటూ పైకి వస్తుంది. మోకాళ్లు దాటాక తుంటిని ముందుకు తెచ్చి నిటారుగా నిలబడితే ఒక లిఫ్ట్ పూర్తయినట్టు. వెనక్కి వాలనక్కర లేదు. దించేటప్పుడు ముందు పిరుదులు వెనక్కి, రాడ్ మోకాళ్లు దాటాక మోకాళ్లు వంచడం. మళ్లీ నేల మీద పూర్తిగా ఆగాకే రెండోది.

ఒక ముఖ్యమైన సంగతి. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. అందువల్ల రాడ్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ఊళ్లలో దొరికే చిన్న ఇనప ప్లేట్ల వ్యాసం 30 ఉందనుకుంటే రాడ్ 15 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండిపోతుంది. అంత కిందికి వంగితే కొత్తవాడి వెన్ను తప్పకుండా గుండ్రమవుతుంది. ప్లేట్ల కింద మూడంగుళాల మందం ఉన్న చెక్క దిమ్మలో ఇటుకలో పెట్టి, దొర్లకుండా మీద పాత గోనె పరిస్తే ఎత్తు సరిపోతుంది. ఈ చిన్న ఏర్పాటు ఎన్నో నడుములను కాపాడుతుంది.

మెత్తని స్పాంజి అడుగున్న బూట్లు వేసుకుని చేయవద్దు. బరువు కింద అవి నలిగి నిలకడ తప్పుతుంది. పలచని కాన్వాస్ బూట్లు చాలు. పట్టు కోసం రెండు అరచేతులూ మన వైపే ఉంచి సాధన చేయండి. పట్టు బలపడటమే మనకు కావలసింది. నడుం బెల్టు కొత్తవాళ్లకు అక్కర లేదు. పొట్ట బిగించడం వస్తే మన కండరాలే బెల్టు.

తరచుగా కనిపించే లోపాలు నాలుగే. రాడ్ కాళ్లకు దూరంగా ఉండటం, ఒక్క ఊపున గుంజడం, పిరుదులు ముందే పైకి లేచి వీపు వెనకబడిపోవడం, పైన నిలబడ్డాక వెనక్కి విల్లులా వంగడం. ఇవి మన కంటికి కనపడవు. పక్కన ఒక మిత్రుడు నిలబడి చూడాలి. సెల్‌ఫోన్ ఉన్నవాళ్లు పక్క నుంచి వీడియో తీసుకుని చూసుకోవచ్చు. వీడియో మన వెన్ను చూసుకోవడానికే గాని స్టేటస్ పెట్టుకోవడానికి కాదని గుర్తుంచుకుంటే చాలు.

బస్తా రాడ్ లాంటిది కాదు. దానికి పట్టు దొరకదు, మధ్యలో జారుతుంది. కాబట్టి బస్తా ఎప్పుడూ ఇద్దరు కలిసి, చెరో వైపు చెవులు పట్టుకుని, ఒకే మాట మీద ఎత్తాలి. ఒంటికి ఆనించుకోవాలి. పక్కకు తిరగవలసి వస్తే నడుము తిప్పకుండా అడుగులు వేసి తిరగాలి. మన కామాటి అన్నలకు కూడా ఈ సంగతి చెప్పండి. రోజూ గంజి వంచే గుండిగలు ఎత్తేది వాళ్లే.

వారంలో ఎక్కడ పెట్టుకోవాలి?

డెడ్‌లిఫ్ట్ రోజూ చేసే వ్యాయామం కాదు. పెద్ద కండరాలన్నీ ఒకేసారి పని చేస్తాయి కాబట్టి కోలుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వారానికి ఒకసారి గట్టిగా, ఇంకొకసారి తేలికగా చేస్తే విద్యార్థికి చాలు. నాకు తోచిన వరుస ఇది.

సోమవారం సాయంత్రం డెడ్‌లిఫ్ట్ ఐదేసి సార్లు మూడు సెట్లు. తర్వాత పుషప్స్, ప్లాంక్. బుధవారం స్క్వాట్స్, పుల్లప్స్, పుషప్స్. శుక్రవారం సోమవారం ఎత్తిన బరువులో డెబ్బై శాతంతో డెడ్‌లిఫ్ట్ ఐదేసి సార్లు రెండు సెట్లు. ఆ తర్వాత ఇసుక మూట పట్టుకుని 100 మీటర్ల నడక. మంగళ, గురు, శనివారాలు పరుగు. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, విశ్రాంతి.

ఏ రోజైనా డెడ్‌లిఫ్ట్‌ను ముందు పెట్టుకోవాలి, అలసిపోయాక చేయకూడదు. ముందు ఐదు నిమిషాలు నడక, చిన్న పరుగు. ఆ తర్వాత ఖాళీ రాడ్‌తో పది సార్లు, సగం బరువుతో ఐదు సార్లు, అప్పుడు అసలు సెట్లు. మొత్తం నలభై నిమిషాలు మించదు. నలుగురికి ఒక రాడ్ ఉంటే చాలు. మిగతా ముగ్గురూ చేసే లోపు మొదటివాడికి తగినంత విశ్రాంతి దొరుకుతుంది. సరదాగానూ ఉంటుంది.

తెల్లవారుజామున లేచిన వెంటనే మాత్రం వద్దు. రాత్రంతా పడుకోవడం వల్ల డిస్కుల్లో నీరు ఎక్కువగా చేరి ఉంటుంది. ఆ సమయంలో వంగి బరువెత్తితే వాటి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఉదయం స్టడీ అవర్ చదువుకు, సాయంత్రం ఆటల గంట దీనికి. ఇదే సరైన పంపకం.

బరువు పెంచడంలో నిదానమే ప్రధానం. మామూలు పెద్ద రాడ్ బరువే 20 కిలోలు. దానితో మొదలుపెట్టి వారానికి రెండున్నర కిలోలు, అంటే ఒక్కో వైపు కిలోంపావు ప్లేటు చొప్పున కలుపుతూ పోతే పన్నెండు వారాల్లో 50 కిలోలు అవుతుంది. అంటే బియ్యం బస్తా! ఒక వారం పద్ధతి చెడిందా, మరుసటి వారం అదే బరువు. ఇంకో రెండు సార్లు ఎత్తగలను అనిపించినప్పుడే ఆపాలి. ప్రాణం మీదికి తెచ్చుకుని ఎత్తిన చివరి లిఫ్ట్ వల్ల వచ్చే లాభం తక్కువ, నష్టం ఎక్కువ. నాలుగైదు వారాలకొకసారి ఒక వారం సగం బరువుతో చేయాలి. పరీక్షల నెలలో కూడా అంతే. మానేయవద్దు, తగ్గించండి. ఒక పాత నోటు పుస్తకంలో తేదీ, బరువు, ఎన్నిసార్లు అని రాసుకోండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చూసుకుంటే కలిగే ధైర్యం ఎవరి ఉపన్యాసం విన్నా కలగదు.

నడుము నుంచి కాలి కిందికి నొప్పి జారినా, తిమ్మిరి ఎక్కినా వెంటనే ఆపేసి డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పిని భరించడం మగతనం కాదు, వీరత్వం కాదు.

హైస్కూల్ తమ్ముళ్లకు ఒక మాట. "బరువులు ఎత్తితే ఎత్తు పెరగరు" అన్న మాటకు ఆధారం లేదు. సరైన పర్యవేక్షణలో చేసే బరువుల వ్యాయామం పిల్లల ఎదుగుదలను ఆపదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2020లో స్పష్టంగా చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు వారానికి కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరిచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. అయితే "పర్యవేక్షణ" అన్న మాటను మరచిపోవద్దు. మీకు ఇప్పటికి బూజు కర్ర, మీ ఒంటి బరువు చాలు. రాడ్ పట్టుకునేది పి.డి. మాస్టారు ఎదురుగా ఉన్నప్పుడే.

తిండి సంగతి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. కష్టపడి వ్యాయామం చేసేవాడికి ఇంకాస్త ఎక్కువ కావచ్చు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల వేరుశనగ గింజల్లో పాతిక గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవైకి పైన ఉంటాయి. మెనూలో ఉన్న గుడ్డు, పప్పు, పాలు వదలకుండా తిని, సాయంత్రం గుప్పెడు నానబెట్టిన శనగలు తింటే మనకు చాలావరకు సరిపోతుంది. వేలు పోసి డబ్బాల పొడులు కొనవలసిన పని లేదు. ఇక ఇంజెక్షన్లు, మాత్రల జోలికి అసలు పోవద్దు. ఇంట్లో పస్తులుండి పంపిన డబ్బును అలాంటి వాటికి తగలేయడం కంటే ద్రోహం లేదు. మెనూలో ఉన్నది కంచంలోకి రాకపోతే అడగండి. అది మన హక్కు.

అంకెల మోజు

ఈ రోజుల్లో జిమ్‌లలో "ఎంత ఎత్తావు?" అన్నదే పలకరింపు. బ్రిటన్‌కు చెందిన ఎడ్డీ హాల్ 2016లో 500 కిలోలు డెడ్‌లిఫ్ట్ చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. ఎత్తి దించాక ముక్కు వెంట రక్తం కారి స్పృహ తప్పాడు కూడా. అది ఆయన వృత్తి, దాని వెనుక ఏళ్ల సాధన, వైద్యులు ఉన్నారు. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఎప్పుడూ ఉంటాడు. పక్కవాడి అంకెతో మనకు పోటీ ఎందుకు? పోటీ అంటే పడి చచ్చే పవర్ లిఫ్టింగ్‌లో కూడా బరువు ఎత్తినంత మాత్రాన సరిపోదు. మోకాళ్లు, భుజాలు నిటారుగా నిలవకపోయినా, రాడ్‌ను తొడల మీద ఆనించుకుని ఎక్కించినా, అదుపు లేకుండా వదిలేసినా న్యాయనిర్ణేతలు ఆ లిఫ్ట్‌ను కొట్టేస్తారు. పోటీలోనే పద్ధతికి అంత విలువ ఉంటే సాధనలో ఎంత ఉండాలి?

"చదువుకునేవాడికి కండలెందుకు, చదువుకుంటే బరువు మోసే బాధ తప్పుతుంది కదా" అనేది మన పెద్దల ఆశ. ఆ ఆశను నేను గౌరవిస్తాను. మన అమ్మానాన్నలు మనల్ని హాస్టల్‌కు పంపింది బస్తాలు మోయకూడదనే. కానీ బరువు మోయవలసిన గతి వేరు, మోయగలిగిన శక్తి వేరు. మొదటిది పోవాలి, రెండోది ఉండాలి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చినా నడుము మనదే. రోజుకు పది గంటలు కూర్చుని చదివే మనలో ఎంతమందికి ఇరవై ఏళ్లకే నడుం నొప్పి ఉందో రాత్రి స్టడీ అవర్‌లో చుట్టూ చూస్తే తెలుస్తుంది.

మనం ఏం కోరాలి?

కొన్ని చోట్ల మల్టీజిమ్ పేరుతో పెద్ద యంత్రాలు వచ్చి, నేర్పేవాళ్లు లేక తాళం వేసిన గదిలో తుప్పు పడుతున్నాయి. మనకు అంత పెద్దవి అక్కర లేదు. ప్రతి హాస్టల్‌కు రెండు రాడ్లు, కొన్ని ప్లేట్లు, నాలుగు చెక్క దిమ్మలు, ఒక పాత రబ్బరు పట్టా చాలు. వీటికంటే ముఖ్యంగా, నెలకు రెండు సార్లు వచ్చి మా వెన్ను చూసి సరిదిద్దే ఒక శిక్షకుడు కావాలి. కొండవెలగాడ లాంటి ఊళ్లలో లిఫ్టింగ్ నేర్చుకున్న యువకులు ఉన్నారు. వాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి పిలిపిస్తే వాళ్లకూ ఉపాధి, మనకూ విద్య. వార్డెన్ గారూ, అధికారులూ ఈ వ్యాసాన్ని ఒక విన్నపంగా స్వీకరించాలని కోరుతున్నాను.

అంతవరకు మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. గోడ ఉంది, బూజు కర్ర ఉంది, ఇసుక ఉంది, ఖాళీ గోనె సంచి ఉంది. సీనియర్లు జూనియర్లకు నేర్పండి. నేర్చుకున్నది సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు, నాన్నకు చూపించండి. "ఇలా కాదు నాన్నా, తట్ట ఒంటికి దగ్గరగా పట్టుకో, నడుము దగ్గర కాదు తుంటి దగ్గర వంగు" అని చెప్పండి. ముందు నవ్వుతారు. తర్వాత ఒకసారి అలా ఎత్తి చూస్తారు. మనం హాస్టల్ నుంచి ఇంటికి తీసుకెళ్లే చదువుల్లో వాళ్లకు ఆ రోజే ఉపయోగపడే చదువు ఇదొక్కటే కావచ్చు.

— ఒక సీనియర్ విద్యార్థి, డిగ్రీ తృతీయ సంవత్సరం